రక్తం ఇచ్చే ముందు, వేలిముద్ర వేసే ముందు



మన పల్లెల్లో తల దువ్వుకున్నాక ఊడిన వెంట్రుకలను చుట్టగా చుట్టి గోడ సందులోనో, చూరు కిందనో దాచే అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. వెంట్రుకలు కొనే మనిషి వీధిలోకి వచ్చినప్పుడు ఆ చుట్టలు ఇచ్చి ఒక గిన్నో, పిన్నీసులో తీసుకుంటారు. ఈ బేరంలో ఎవరికీ నష్టం లేదు. ఏమి ఇస్తున్నామో మనకు తెలుసు. ఎందుకు తీసుకుంటున్నారో తెలుసు. ఇష్టం లేకపోతే "ఇవ్వనులే, వెళ్లు" అని చెప్పగలం.

మన శరీరం నుంచి తీసే రక్తం, కణజాలం విషయంలో కూడా ఈ మూడూ ఉండాలి. ఏమి ఇస్తున్నామో తెలియాలి, ఎందుకో తెలియాలి, వద్దనే స్వేచ్ఛ ఉండాలి. కాని ఆసుపత్రికి వచ్చేసరికి మనిషి జబ్బుతో, భయంతో, అప్పుతో ఉంటాడు. కాగితం ఎదురుగా పెట్టగానే చదవకుండానే సంతకం పెడతాడు. ఆ ఒక్క నిమిషంలో మీరు ఏమి అడగాలో, చట్టం మీకు ఏ హక్కులు ఇచ్చిందో చెప్పడమే ఈ పాఠం ఉద్దేశం.

నమూనా ఎందుకు తీస్తారు?

నమూనా అంటే శాంపిల్. రక్తం, మూత్రం, తెమడ, ఉమ్ము, బయాప్సీలో తీసిన చిన్న ముక్క, ఆపరేషన్‌లో తీసేసిన గడ్డ, కాన్పు తర్వాత వచ్చే మాయ ఇవన్నీ నమూనాలే. వీటిని మూడు రకాల పనులకు తీస్తారు.

మొదటిది, మీ రోగి వైద్యం కోసం. షుగరు ఎంత ఉందో, గడ్డ క్యాన్సరో కాదో తెలియాలంటే పరీక్ష చేయక తప్పదు. ఇది పూర్తిగా మీ మనిషి మేలు కోసమే.

రెండవది, పరిశోధన కోసం. ఒక జబ్బు ఎందుకు వస్తున్నదో తెలుసుకోవడానికి చాలామంది నమూనాలను కలిపి చూస్తారు. దీనివల్ల మీ రోగికి ఈ రోజు లాభం లేకపోవచ్చు. రేపు మరొకరికి మేలు జరగవచ్చు.

మూడవది, వ్యాపారం కోసం. మందుల కంపెనీలు, టెస్టు కిట్లు తయారుచేసే కంపెనీలు నమూనాల ఆధారంగా వస్తువు తయారుచేసి అమ్ముకుంటాయి. ఇదీ నేరం కాదు. మనం వేసుకునే ప్రతి మాత్ర వెనుక ఎవరో ఒకరు ఇచ్చిన రక్తం ఉంది. అయితే మొదటి పని పేరు చెప్పి రెండో పనికో, మూడో పనికో వాడుకుంటే అది మోసం.

కాబట్టి సిరంజి చూసినప్పుడు మీరు అడగవలసిన మొదటి ప్రశ్న: "ఇది మా మనిషి వైద్యం కోసమా, మరి దేనికైనానా?"

పిడుగురాళ్లలో ఏమి జరిగింది?

ఇదంతా ఎక్కడో అమెరికా సంగతి అనుకోవద్దు. 2011 జూన్‌లో మన పిడుగురాళ్ల పేరు దేశమంతా వార్తల్లోకి వచ్చింది. అప్పటికి అది గుంటూరు జిల్లాలో ఉంది. పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది. పిడుగురాళ్లకు చెందిన పేద స్త్రీలను కొందరు మధ్యవర్తులు హైదరాబాద్ మియాపూర్‌లోని యాక్సిస్ క్లినికల్స్ అనే సంస్థకు తీసుకెళ్లారని, అక్కడ క్యాన్సర్ మందుకు సంబంధించిన పరీక్షలు వారిపై జరిగాయని, అందుకు కొన్ని వేల రూపాయలు ఇచ్చారని, తిరిగి వచ్చాక కొందరు అనారోగ్యం పాలయ్యారని పత్రికలు రాశాయి. చదువు రాని ఆ స్త్రీలకు ఏ మందు ఇస్తున్నారో, దానివల్ల ఏమి జరగవచ్చో అర్థమయ్యేలా చెప్పలేదన్నది ముఖ్యమైన ఆరోపణ. ప్రభుత్వం విచారణ జరిపించింది. కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆ సంస్థకు ఇలాంటి పరీక్షలు చేసేందుకు ఇచ్చిన అనుమతిని అప్పట్లో నిలిపివేశారు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. అలాంటి పరీక్షలు చేయడం మన దేశంలో చట్టబద్ధమే. ఒక కంపెనీ తయారుచేసిన మాత్ర, ముందునుంచి ఉన్న అసలు మాత్రతో సమానంగా రక్తంలో చేరుతున్నదా లేదా అని చూడటానికి వాటిని చేస్తారు. మెడికల్ షాపులో తక్కువ ధరకు దొరికే మందులు చాలావరకు ఇలాంటి పరీక్షలు దాటి వచ్చినవే.

అయితే ఆ పరీక్ష ఎలా జరుగుతుందో వెళ్లే మనిషికి ముందే తెలియాలి. పరగడుపున మాత్ర ఇస్తారు. చేతి నరానికి క్యానులా పెడతారు. అరగంటకు, గంటకు, రెండు గంటలకు ఇలా వరుసగా ఒకటి రెండు రోజులపాటు పలుమార్లు రక్తం తీస్తారు. ప్రతిసారీ తీసేది కొద్ది మిల్లీలీటర్లే. కాని మొత్తం కలిపితే తక్కువేమీ కాదు. కొన్ని రోజులు ఆగి రెండో మాత్రతో మళ్లీ అంతా చేస్తారు. సున్నపు బట్టీల్లోనో, మిరప తోటల్లోనో కూలికి పోయే స్త్రీకి రక్తం ముందే తక్కువగా ఉంటే ఆమె గతి ఏమిటి? ఒకచోట చేసి, నెల తిరగకుండా పేరు మార్చుకుని మరోచోట చేరితే ఏమవుతుంది? రెండు మందులు శరీరంలో కలిస్తే వచ్చే ముప్పును ఏ డాక్టరూ ముందుగా చెప్పలేడు.

ఇలాంటి పరీక్షలకు వచ్చినవారికి డబ్బు ఇవ్వవచ్చు. అది వారి సమయానికి, ప్రయాణానికి, పోగొట్టుకున్న కూలికి, పడిన ఇబ్బందికి ఇచ్చే సొమ్ము. రక్తానికి వెల కాదు. ప్రమాదాన్ని కూడా లెక్కచేయకుండా మనిషిని లాక్కొచ్చేంత పెద్ద ఆశ చూపడం పరిశోధన నీతికి విరుద్ధం. మధ్యలో దళారి ఉన్నాడంటేనే జాగ్రత్త పడాలి. తలకు ఇంత అని కమిషను పుచ్చుకునే మనిషి మీకు ప్రమాదం గురించి నిజం చెబుతాడా?

శరీరం నుంచి తీసింది ఎవరి సొత్తు?

"ఒకసారి ఇచ్చేశాక అది మనదెలా అవుతుంది సిస్టరుగారూ?" అని చాలామంది అడుగుతారు. ఈ ప్రశ్న మీద పెద్ద పెద్ద కోర్టులే తలలు పట్టుకున్నాయి.

అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో 1951లో హెన్రియెట్టా లాక్స్ అనే పేద నల్లజాతి స్త్రీ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తో జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో చేరింది. ఆమె గడ్డ నుంచి ఒక ముక్కను ఆమెకు చెప్పకుండానే పరిశోధనకు తీసుకున్నారు. ఆమె ఆ ఏడాదే 31 ఏళ్ల వయసులో చనిపోయింది. కాని ఆ కణాలు ప్రయోగశాలలో చావకుండా పెరుగుతూనే ఉన్నాయి. పోలియో టీకాను పరీక్షించడం మొదలుకొని ఎన్నో మేలైన పనులకు ఉపయోగపడ్డాయి. కంపెనీలు వాటితో వ్యాపారం చేశాయి. ఆమె పిల్లలకు చాలా ఏళ్లు ఈ సంగతే తెలియదు. చివరికి 2023లో ఒక పెద్ద కంపెనీ ఆ కుటుంబంతో రాజీకి వచ్చింది.

జాన్ మూర్ అనే మరొక రోగికి 1976లో రక్త క్యాన్సర్ చికిత్సలో భాగంగా ప్లీహం తీసేశారు. ఆయన డాక్టరు ఆ కణాలతో పరిశోధన చేసి పేటెంటు పొందాడు. మూర్ కోర్టుకు వెళ్లాడు. 1990లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, తీసేసిన కణాలు ఆయన ఆస్తి అన్న వాదనను ఒప్పుకోలేదు. అయితే ఆ కణాలతో తనకున్న లాభాపేక్షను డాక్టరు ముందుగా రోగికి చెప్పి తీరాలని స్పష్టం చేసింది.

మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 2017లో విడుదల చేసిన నైతిక మార్గదర్శకాలు రోగి పక్షాన ఇంకో అడుగు ముందుకు వేశాయి. పరిశోధనకు ఇచ్చిన నమూనాకు దాన్ని ఇచ్చిన మనిషే యజమాని. దాచిపెట్టే సంస్థ కాపలాదారు మాత్రమే. పొలం కౌలుకిచ్చినంత మాత్రాన పొలం కౌలుదారుది అయిపోదు కదా, ఇదీ అంతే. నమూనాను దాచి ఉంచాలంటే సమ్మతి కావాలి. దానివల్ల వ్యాపార లాభం వచ్చే అవకాశం ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి. ఆ లాభంలో ఇచ్చినవారికో, వారి సమాజానికో ఏదో ఒక రూపంలో మేలు దక్కేలా చూడాలి. ఇష్టం లేకపోతే తిరిగి తీసుకునే హక్కు కూడా ఉంది. కాని పేరు, గుర్తులు పూర్తిగా తీసేశాక మీది ఏదో కనిపెట్టలేరు కనుక ఈ నిర్ణయం ముందే ఆలోచించుకోవాలి.

పరిశోధన కోసం, పరీక్షల కోసం నమూనాలను విదేశాలకు పంపడం కూడా 2016 నుంచి సులభమైంది. అందుకే సమ్మతి పత్రంలో "నమూనాలు ఎక్కడికి వెళతాయి" అన్న వాక్యం ఉందో లేదో చూసుకోవాలి.

అమ్మకానికి లేనివి

రక్తం: 1996 జనవరి 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వల్ల లైసెన్సు లేని బ్లడ్ బ్యాంకులు, డబ్బుకు రక్తం అమ్ముకునే పద్ధతి ఆగిపోవాల్సి వచ్చింది. 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్మడం దేశమంతటా నిషేధం. బ్లడ్ బ్యాంకు మీ దగ్గర తీసుకునే డబ్బు రక్తం ఖరీదు కాదు. పరీక్షలు చేసి, సంచిలో భద్రపరచినందుకు అయ్యే ఖర్చు. రక్తం అమ్మే వస్తువు కాదని, ఆ ఖర్చుకు మించి వసూలు చేయకూడదని 2023 డిసెంబరులో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి అన్ని రాష్ట్రాలకూ మరోసారి గుర్తుచేశారు.

ఆపరేషన్ రేపు అనగా, ఆసుపత్రి గేటు దగ్గర ఒకడు వచ్చి "రెండు వేలు ఇవ్వండి, మనిషిని తెస్తా" అంటే నమ్మకండి. డబ్బు కోసం వచ్చేవాడు తన జబ్బు దాస్తాడు. హెచ్.ఐ.వి., కామెర్ల వైరస్ సోకిన కొత్తలో కొద్ది రోజులు పరీక్షలో కూడా బయటపడకపోవచ్చు. ఆ రక్తం ఎక్కేది మీ మనిషికే. దానికి బదులు ఇంట్లోవారు, బంధువులు ముందుకు రండి. 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉండి, 45 కిలోలకు తగ్గకుండా బరువుండి, హిమోగ్లోబిన్ 12.5కు తగ్గకుండా ఉన్న ఆరోగ్యవంతులు రక్తం ఇవ్వవచ్చు. మగవారు మూడు నెలలకు, ఆడవారు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు.

కిడ్నీ: ఈ మాట రాయాలంటే పల్నాటి మనిషికి కష్టంగానే ఉంటుంది. 2000 సంవత్సరంలో రెంటచింతల ప్రాంతంలో అప్పుల్లో కూరుకుపోయిన రైతులు కిడ్నీలు అమ్ముకున్నారన్న వార్త దేశాన్ని కలచివేసింది. అవయవాల అమ్మకాన్ని నిషేధిస్తూ కేంద్రం 1994లో చట్టం చేసింది. మన రాష్ట్రం 1995లో తన చట్టం తెచ్చుకుంది. అంటే చట్టం వచ్చిన ఐదేళ్లకు కూడా పంట పోయిన రైతుకు ఆ చట్టం అడ్డు రాలేదు, అండగానూ నిలవలేదు. అమ్మినవారికి చేతికి వచ్చేది కొంతే. మిగిలింది దళారుల పాలు. కిడ్నీ పోయాక బరువు పనులు చేయలేక, మళ్లీ అప్పు చేసే స్థితికి వచ్చినవారు దేశంలో ఎందరో ఉన్నారు.

కిడ్నీ ఇవ్వడం మంచి పనే. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువుల వంటి దగ్గరి బంధువులు ప్రేమతో ఇవ్వవచ్చు. బయటివారు ఇవ్వాలంటే అనుమతి కమిటీ విచారించి ఒప్పుకోవాలి. దొంగ ఆధార్ కార్డుతో "తమ్ముడు" అని చూపిస్తే ఇచ్చినవారు, పుచ్చుకున్నవారు, ఆపరేషన్ చేసినవారు అందరూ నేరస్థులే. బ్రెయిన్ డెడ్ అయిన మనిషి అవయవాలను కుటుంబం ఇష్టపడితే జీవన్‌దాన్ పథకం ద్వారా ఉచితంగా దానం చేయవచ్చు.

బొడ్డుతాడు రక్తం, మాయ

కాన్పు వార్డుకు వచ్చే కుటుంబాలకు ఇది ముఖ్యం. "మీ బిడ్డ బొడ్డుతాడు రక్తాన్ని దాచిపెడితే రేపు ఏ జబ్బు వచ్చినా నయమవుతుంది" అని ప్రైవేటు కంపెనీలు ప్రచారం చేస్తాయి. వేల రూపాయలు కట్టమంటాయి. బిడ్డకు రేపు పనికొస్తుందని ఆ రక్తాన్ని సొంతానికి దాచుకోవడానికి శాస్త్రీయ ఆధారం లేదని 2017లో వచ్చిన జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. తలసీమియా వంటి జన్యు జబ్బు బిడ్డకు ఉంటే అదే లోపం ఆ బొడ్డుతాడు రక్తంలో కూడా ఉంటుంది. అది ఆ బిడ్డకు మందు కాలేదు. కుటుంబంలో మరో బిడ్డకు అలాంటి జబ్బు ముందే ఉంటే మాత్రం డాక్టరును అడగండి, అక్కడ ఉపయోగం ఉండవచ్చు. మామూలు కాన్పులో తాడును ఒక నిమిషమైనా ఆగి కత్తిరిస్తే ఆ రక్తం బిడ్డకే చేరుతుంది, ఇనుము నిల్వ పెరుగుతుంది. ఏ ఖర్చూ లేని మేలు ఇది.

మాయను, ఆపరేషన్‌లో తీసిన భాగాలను ఆసుపత్రి పసుపు రంగు సంచిలో వేసి నిబంధనల ప్రకారం నాశనం చేయించాలి. వాటిని బయటివారికి అమ్మే అధికారం ఆయాకు గాని, నర్సుకు గాని, డాక్టరుకు గాని లేదు.

సంతకానికి ముందు అడగవలసిన ప్రశ్నలు

1. ఇది వైద్యం కోసమా, పరిశోధన కోసమా, కంపెనీ కోసమా?
2. ఎంత రక్తం, ఎన్నిసార్లు తీస్తారు? ఏ మందైనా ఇస్తారా?
3. దీనివల్ల రాగల నష్టం ఏమిటి? నష్టం జరిగితే వైద్యం ఎవరు చేయిస్తారు?
4. మిగిలిన నమూనాను ఏమి చేస్తారు? ఎన్నాళ్లు దాస్తారు? ఎక్కడికి పంపుతారు?
5. మా పేరు, జబ్బు వివరాలు ఎవరెవరికి తెలుస్తాయి?
6. వద్దంటే మా మనిషికి ఇక్కడ వైద్యం ఆగుతుందా?

ఆరో ప్రశ్నకు జవాబు ఎప్పుడూ "ఆగదు" అనే ఉండాలి. మరో జవాబు వస్తే ఆ కాగితం మీద సంతకం పెట్టకండి.

కాగితం ఇంగ్లీషులో ఉంటే తెలుగులో ఇమ్మని అడగండి. చదువు రాకపోతే ఆ సంస్థతో సంబంధం లేని ఒక సాక్షి ఎదుట అంతా చదివి వినిపించాలి. ఆ తర్వాతే వేలిముద్ర. ఆ రోజే తేల్చాలని తొందర పెట్టనివ్వకండి. ఇంటికి వెళ్లి పెద్దవారితో మాట్లాడుకుని రావచ్చు. సంతకం పెట్టిన పత్రం నకలు మీకు ఇవ్వాలి. ఒప్పుకున్న తర్వాత కూడా మధ్యలో మానేయవచ్చు.

భార్య తరఫున భర్త, కోడలి తరఫున అత్త వేలిముద్ర వేయడం మన వైపు మామూలు. మనిషి తెలివిలో ఉండి, వయసు వచ్చి ఉంటే సమ్మతి ఆ మనిషిదే. పక్కన కూర్చుని ధైర్యం చెప్పండి గాని, ఆమె మాట మీరు చెప్పకండి.

అన్యాయం జరిగితే

2019లో వచ్చిన కొత్త ఔషధాలు, క్లినికల్ ప్రయోగాల నిబంధనల ప్రకారం ప్రయోగంలో పాల్గొన్న మనిషికి దానివల్ల హాని జరిగితే ఉచిత వైద్యం చేయించాలి, నష్టపరిహారం కూడా ఇవ్వాలి. ప్రతి ప్రయోగాన్నీ ఒక నైతిక కమిటీ ఆమోదించి ఉండాలి. ఆ కమిటీని ఎలా సంప్రదించాలో మీ పత్రంలో రాసి ఉండాలి. మొదట అక్కడ ఫిర్యాదు చేయండి. జిల్లా వైద్యాధికారికి, ఔషధ నియంత్రణ శాఖకు కూడా రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. ఆడవారికి, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి, ఆదాయం తక్కువ ఉన్నవారికి న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా లాయరు దొరుకుతారు. ఫోను నంబరు 15100. కాగితాలు, మందు పొట్లాలు, బస్సు టిక్కెట్లు ఏవీ పారేయకండి.

మరొక ఉపయోగకరమైన మాట. బయాప్సీ చేశాక ముక్కను మైనపు దిమ్మలో దాచి ఉంచుతారు. దాన్ని బ్లాకు అంటారు. గుంటూరులోనో, హైదరాబాదులోనో రెండో అభిప్రాయం తీసుకోవాలంటే మళ్లీ కోయించుకోనక్కరలేదు. ల్యాబులో దరఖాస్తు ఇచ్చి బ్లాకును, స్లైడులను తీసుకెళ్లండి.

భయపడి పరీక్షలు మానవద్దు

ఇదంతా చదివి "ఇక రక్తం ఇవ్వనే ఇవ్వం" అనుకుంటే ఈ పాఠం దెబ్బతిన్నట్టే. రెండు వారాలు దగ్గు ఉంటే తెమడ పరీక్ష చేయించుకోండి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం. రొమ్ములో గడ్డ తగిలితే ముక్క పరీక్షకు వెనుకాడకండి. గర్భిణికి రక్తపరీక్ష తప్పనిసరి. మంచి పరిశోధనకు, అన్నీ తెలుసుకుని, ఇష్టపడి నమూనా ఇవ్వడం కూడా సాటి మనిషికి చేసే సాయమే.

తెలిసి ఇస్తే అది దానం. తెలియకుండా తీసుకుంటే అది దోపిడీ. ఈ రెంటికీ మధ్య ఉన్నది మీరు అడిగే ప్రశ్న ఒక్కటే. అడగడానికి మొహమాట పడకండి. అడిగినందుకు ఏ మంచి డాక్టరూ, ఏ మంచి నర్సూ కోపగించుకోరు. ఈ పుస్తకాన్ని వార్డులో పక్క మంచం వారికి కూడా చదివి వినిపించండి.